పుస్తకంలో కథ, అవ్వ నోట్లో కథ

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు, కొండమీదికి తిరిగే బస్సు. ఒక వారం తెల్లవారుజామున డ్యూటీ, ఇంకో వారం ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. పాపకు ఎనిమిదేళ్లు, ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి. బాబుకు నాలుగేళ్లు. పడుకునే ముందు పిల్లలకు కథలు చదివి వినిపిస్తే మంచిదని పాప స్కూలు మీటింగులో చెప్పారు. ఎనిమిది వందలు పెట్టి ఇంగ్లీషు కథల పుస్తకాలు కొన్నాను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమే. నేను చదువుతుంటే పాప "అమ్మా, అట్ల కాదు పలికేది" అంటుంది. నాకు ఇక గొంతు పెగలదు. బాబు సగంలోనే నిద్రపోతాడు, లేదంటే ఫోన్లో బొమ్మల కథలు పెట్టమని ఏడుస్తాడు. మా అత్తగారిది పాకాల దగ్గర పల్లె, చదువుకోలేదు. "కత పుస్తకంలో ఎందుకుంటాదిమా, నోట్లో ఉంటాది గానీ" అంటారు. ఆమె చెప్పబోతే ఆ మాటలకు పాప నవ్వుతుంది. ఆమె చిన్నబుచ్చుకుని పక్కకు తిరిగి పడుకుంటారు. అందరం కలిసి కూర్చుని కథలు చదువుకోవాలని నా ఆశ. రోజూ అది టెన్షన్‌తోనే ముగుస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక అమ్మ, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివాక నా కళ్లముందు నిలబడింది పక్కకు తిరిగి పడుకున్న మీ అత్తగారు. ఆ పక్కనే పుస్తకం పట్టుకుని గొంతు పెగలక కూర్చున్న మీరు. పిల్లలకు కథ చెప్పగలిగినవాళ్లు ఒకే గదిలో ఇద్దరున్నారు, ఇద్దరూ నోరు మూసుకున్నారు. మీ పలుకు చూసి నవ్వుతారని మీకు భయం, తన మాట చూసి నవ్వుతారని ఆమెకు బాధ. ఇది పుస్తకాల సమస్య అని నాకు అనిపించడం లేదు. దుప్పటి కప్పుకున్నాక ఎవరూ ఎవరినీ దిద్దకూడదు. మీ ఇంట్లో ముందు ఈ ఒక్క నియమం పెట్టండి. పాపకు పగలే, మంచి మాటగా చెప్పండి: "స్కూల్లో దిద్దుకుంటాం, హోంవర్కులో దిద్దుకుంటాం, కథ దగ్గర దిద్దుకోం" అని. ఎనిమిదేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది. పాప మిమ్మల్ని తక్కువ చేయాలని అనడం లేదు కదా, బడిలో టీచరు తనతో ఎట్ల ఉంటారో మీతో అట్ల ఉంటోంది.

ఇంగ్లీషు పుస్తకాలను రాత్రిపూట పక్కన పెట్టేయండి. డబ్బు పోయిందని బాధపడొద్దు. ఆదివారం మధ్యాహ్నం పాపనే చదివి వినిపించమనండి, మీరు, తమ్ముడు వినండి. అప్పుడు పలకడంలో తానే టీచరు, అది దానికి గర్వంగా కూడా ఉంటుంది. రాత్రి మాత్రం మీకు గుక్కతిప్పుకోకుండా వచ్చే భాషలో, తెలుగులో చదవండి. పులి వస్తే గొంతు తగ్గించాలి, ముసలమ్మ మాట్లాడితే వణికించాలి, దొంగ దొరికిపోతే అరవాలి. స్పెల్లింగు చూసుకుంటూ చదివేవాళ్లకు ఆ పని కుదరదు. పిల్లలకు కావలసింది ఆ గొంతే.

ఇంగ్లీషు వెనకబడుతుందేమోనని మీ మనసులో ఒక మూల ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పినదాన్ని, నా అనుభవం చెబుతాను. ఇంటి భాషలో కథలు బాగా విన్న పిల్లలు ఇంగ్లీషు పాఠంలోనూ "తర్వాత ఏమవుతుంది" అని ముందే ఊహిస్తారు. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎవరి మాట నమ్మాలో, ఎవరిని అనుమానించాలో వాళ్లకు ముందే అలవాటై ఉంటుంది. ఆ తెలివికి భాషతో పని లేదు, ఒక భాషలో వస్తే రెండో దాంట్లోకీ వస్తుంది. పిల్లలకు పుట్టిన నాటి నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలంటూ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో అక్కడి డాక్టర్లకు సూచించింది. నెలల బిడ్డకు మాటల అర్థం ఏం తెలుస్తుంది? తెలిసేది అమ్మ గొంతు, ఒడి, పేజీ తిప్పిన చప్పుడు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వస్తాను. కథ నోట్లో ఉంటాదని ఆమె అన్నదాంట్లో చాలా నిజం ఉంది. మా అవ్వ కూడా అక్షరం ముక్క రానిదే. చిత్తూరు దగ్గర మా పల్లెలో, ఎండాకాలం రాత్రి వాకిట్లో నులకమంచం మీద పడుకుని చెప్పేది. ఒకటే షరతు, ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. రాజకుమారుడు అడవి మధ్యలో గుర్రం మీద అట్లనే కూర్చుని ఉంటాడు. మొదట నా ఊఁ గట్టిగా ఉండేది. కాసేపటికి ముక్కుతో వచ్చేది. ఆ తర్వాత రెండు మాటలకోసారి, మూడు మాటలకోసారి. అవ్వ ఆగి, "నిద్దరపోతివా?" అనేది. "లేదవ్వా, ఊఁ" అనేదాన్ని. ఇంకో నాలుగు మాటలకు ఆ ఊఁ కూడా ఉండేది కాదు. దుప్పటి భుజం దాకా లాగేది, అది మాత్రం నాకు తెలిసేది.

ఆ ఊఁలో ఉన్నదేమిటో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. చెప్పేవాళ్లు ఒకవైపు, వినేవాళ్లు ఒకవైపు కాకుండా ఇద్దరూ కలిసి కథ నడపడం అది. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలున్న కొన్ని కుటుంబాలతో ఒక నెల పాటు ఒక ప్రయత్నం చేశారు. కొందరు తల్లిదండ్రులకు, పుస్తకం ఊరికే చదివి వినిపించకుండా మధ్యమధ్య ఆగి పిల్లల చేత మాట్లాడించమని నేర్పారు. మిగతావాళ్లను మామూలుగా చదవమన్నారు. నెల తిరిగేసరికి మాట్లాడించిన ఇళ్లలోని పిల్లలు మాటల్లో ముందున్నారు. ఆ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మా అబ్బాయికి ఆరేడేళ్లప్పుడు రోజూ రాత్రి కథ చదివేదాన్ని. పగలంతా బడిలో టీచరు పని చేసి, రాత్రి కూడా ఆ పని మానలేదు. "కుతూహలం అంటే ఏంది చెప్పు? నక్క నుంచి మనం ఏం నేర్చుకోవాలి?" అని ప్రతి పేజీకి ఒక ప్రశ్న. కొన్నాళ్లకు వాడు నేను పుస్తకం తీయగానే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. నిద్ర కాదది, కనురెప్పలు కదులుతుండేవి. వాడు నా నుంచి తప్పించుకుంటున్నాడని అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత అర్థాలు అడగడం మానేశాను. "నువ్వైతే ఆ బావిలోకి దిగుతావా?" అని మాత్రం అడిగేదాన్ని. దిగుతానన్నా సరే, దిగనన్నా సరే, తప్పన్నది లేదు. వారం తిరక్కుండా కళ్లు తెరిచాడు.

మీ ఇంట్లో అత్తగారి కథ, మీ పుస్తకం రెండూ ఉండాలి. వంతులేసుకోండి. ఒక రాత్రి అవ్వ కథ, ఒక రాత్రి అమ్మ పుస్తకం. అవ్వ రోజున మీరు కూడా పిల్లల పక్కన పడుకుని ఊఁ కొట్టండి. ఇది చాలా ముఖ్యం. కోడలు ఊఁ కొడుతుంటే ఆ పెద్దామె గొంతు దానంతటదే లేస్తుంది. అమ్మ వింటోందంటే వినదగ్గదే అని పాపకు కూడా తెలుస్తుంది.

పాప నవ్వే మాటల గురించి ఒకటి చెప్పాలి. మా మనవడికి ఒకసారి మా అవ్వ చెప్పిన కథే చెబుతున్నాను. "పొద్దున్నే కపిల తోలడానికి పోయినాడు" అన్నాను. వాడు లేచి కూర్చుని, "కపిలతీర్థానికా?" అన్నాడు. వాడు తిరుపతిలో పెరిగినవాడు, కపిల అంటే ఆ జలపాతమే తెలుసు. ఎద్దుల చేత తోలుసంచితో బావిలో నీళ్లు తోడించడాన్ని మనవైపు కపిల తోలడం అంటారని చెప్పాను. ఎద్దులు ఏటవాలు దారిలో దిగితే సంచి పైకి వస్తుందని, నీళ్లు కాలవలో పడ్డాక అవి వెనక్కి నడిస్తే సంచి మళ్లీ బావిలోకి దిగుతుందని చేత్తో చూపించాను. కథ ఆ రాత్రి ముందుకు సాగలేదు. దిండు బావి అయింది, తువ్వాలు తోలుసంచి అయింది, నా కాళ్లు ఎద్దులు. ఇట్లాంటి మాట ఏ యాప్‌లోనూ దొరకదు, మీ అత్తగారి దగ్గర ఉంది. ఎనుము, కసువు, మొగసాల, ఇట్లాంటివి ఇంకెన్నో ఉండుంటాయి. పాప నవ్వితే నవ్వనివ్వండి, కానీ నవ్వాక "అంటే ఏందవ్వా?" అని మీరే అడగండి.

ఇంకో మంచి పని ఉంది. ఒక నూరు పేజీల నోటుపుస్తకం కొని పాప చేతికివ్వండి. అవ్వ రాత్రి చెప్పిన కథను సెలవురోజున పాప తెలుగులో రాయాలి, ఐదారు వాక్యాలైనా చాలు. గుడిదీర్ఘాలు, ఒత్తులు తప్పుతాయి, ఎర్రపెన్ను పట్టొద్దు. తమ్ముడు బొమ్మ వేస్తాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఒత్తులు రావని ఊరంతా బాధపడుతున్నాం. తనకిష్టమైన కథ రాయాల్సి వచ్చినప్పుడు "క్ష ఎట్ల రాయాల?" అని వాళ్లే పరిగెత్తుకొస్తారు. అట్లనే మీరు చదివేటప్పుడు అక్షరాల కింద వేలు కదుపుతూ చదవండి. చెవి వింటున్నదాన్ని కన్ను గుర్తుపడుతూ పోతుంది. కొన్నాళ్లకు ఆ నోటుపుస్తకాన్ని మీరు రాత్రి చదవండి, అవ్వ వినాలి. తన కథ పుస్తకంలోంచి వస్తుంటే ఆమె మొహం ఎట్లా ఉంటుందో చూడాలని నాకే ఉంది.

ఏ కథలు అంటారా? మన చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టండి. శ్రీకాళహస్తి మీకు నలభై కిలోమీటర్ల లోపే. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. సాలెపురుగు శివలింగం మీద గూడు అల్లింది. పాము మణులు తెచ్చి పెట్టింది. ఏనుగు వచ్చి ఆ రాళ్లేమిటని తోసేసి, నీళ్లు పోసి ఆకులు వేసింది. పాముకు ఆ ఆకులు చెత్త, ఏనుగుకు ఆ మణులు చెత్త. ఇక్కడ పిల్లలు ఎవరి పక్షమో అడగండి. మీ ఇద్దరు పిల్లలు చెరో పక్షం పట్టకపోతే చూడండి. చివర పాము తొండంలోకి దూరడం, ఏనుగు తల బండకేసి కొట్టుకోవడం, రెండూ చనిపోవడం ఉంది. నాలుగేళ్ల బాబు "చచ్చిపోయాయా?" అని అడుగుతాడు. చాలామంది ఇక్కడ భయపడి కథ మార్చేస్తారు. నన్నడిగితే మార్చొద్దంటాను. "అవును నాన్నా, చచ్చిపోయాయి. శివుడు వాటిని తనలో కలుపుకుని, ఆ ఊరికి వాటి పేరే పెట్టాడు" అని చెప్పి చేయి పట్టుకోండి. అమ్మ పక్కనుండగా, దీపం వెలుగులో వినే చావు పిల్లల్ని భయపెట్టదు. ఇంకోసారి చెప్పమంటారు. పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ చెప్పండి. ఒకే కథ మళ్లీమళ్లీ అడిగితే విసుక్కోకండి. కథ ఎట్లా పోతుందో ముందే తెలిసి, తాము అనుకున్నట్టే జరగడం వాళ్లకు ధైర్యం.

హాథీరాం బావాజీ కథ కూడా ఉంది. స్వామితో పాచికలాడానన్న బావాజీ మాట నమ్మక, ఆయన్ని ఒక గదిలో పెట్టి, బండెడు చెరకు వేసి, తెల్లారేలోపు తినేయమన్నారని, స్వామే ఏనుగై వచ్చి తినిపోయాడని మన ఊళ్లో చెప్పుకుంటారు. తలుపులు మూసిన గదిలోకి ఏనుగు ఎట్లా వచ్చిందని పాప కచ్చితంగా అడుగుతుంది. జవాబు మీరు చెప్పొద్దు, వాళ్లనే కనిపెట్టమనండి.

పుస్తకాలకు ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు చాలా ఉన్నాయి, ఉచితం. నాలుగు స్థాయిలుగా ఉంటాయి. బాబుకు మొదటి స్థాయివి, పాపకు మూడో స్థాయివి తీసుకుని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి కుట్టుకోండి. ఫోన్లోనే చూపించొద్దు, ఎందుకో ఇప్పుడే చెబుతాను. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు పిల్లలకు తెలుగులో తక్కువ ధర పుస్తకాలు వేస్తారు, తెప్పించుకోవచ్చు. మీకు దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయంలో పాపను సభ్యురాలిగా చేర్పించండి. తన కార్డుతో తాను ఎంచుకున్న పుస్తకం సగమే అర్థమైనా పరవాలేదు.

ఫోను గురించి మెత్తగా చెప్పను. పడుకునే గదిలో అది ఉండకూడదు. వెలిగే తెర కళ్లకు పగలని చెబుతుంది, నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గుతుంది. బొమ్మల కథలో ఊఁ కొట్టాల్సిన పని లేదు, ఆగి అడిగేవాళ్లు లేరు, ఒకటి అయిపోగానే ఇంకోటి మొదలవుతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పాప ఆరింటికి లేవాలంటే తొమ్మిదికల్లా నిద్రపోవాలి. ఎనిమిదికి ఫోన్లన్నీ వంటగదిలో చార్జింగుకు పెట్టండి, మీదీ పెట్టండి. బాబు మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు. ఏడుపును ఓర్చుకోండి, అవ్వను మొదలుపెట్టమనండి.

మీ ఆయన విషయం చివరికి ఉంచాను, ఆయన్ని ఎవరూ తప్పు పట్టకూడదని. ఘాట్ రోడ్డు మీద రోజంతా స్టీరింగ్ తిప్పి పది దాటాక వచ్చే మనిషిని పుస్తకం చదవమనడం న్యాయం కాదు. ఆయన రాకకోసం పిల్లల్ని మేలుకోబెట్టొద్దు కూడా. ఆ వారం ఆయన కథ పొద్దున ఉండనివ్వండి, పాపకు జడ వేసేటప్పుడు ఐదు నిమిషాలు. తెల్లవారుజాము డ్యూటీ వారంలో సాయంత్రం ఇంట్లోనే ఉంటారు కదా, వారానికి రెండు రాత్రులు ఆయనవి. చదవక్కర్లేదు, చూసింది చెప్పమనండి. కొత్త ఘాట్ రోడ్డులో ఎక్కి, 1944లో తెరిచిన పాత రోడ్డులో దిగే మనిషి దగ్గర కథలకు కరువా? ఏ మలుపులో జింక అడ్డం వచ్చింది, ఎవరి చేతిలో అరటిపండు కోతి లాక్కుపోయింది, మొట్టమొదటిసారి కొండెక్కుతూ కిటికీకి అతుక్కుపోయిన ముసలాయన ఏ ఊరివాడు. మన కొండమీద రాత్రి ఏకాంతసేవలో స్వామికే అన్నమయ్య జోలపాట పాడి పడుకోబెడతారని ఆయనకు తెలిసే ఉంటుంది. అది కూడా నాన్న నోటితో పిల్లలు వినాలి.

కథ అయ్యాక "కథ కంచికి, మనం ఇంటికి" అంటాం కదా. కంచి మనకు పక్కనే, మన బస్టాండులో కంచి బస్సు నిలబడి ఉంటుంది. మీ బాబు ఏదో ఒక రాత్రి, "నాన్నా, కథ నీ బస్సులోనే పోయిందా?" అని అడగొచ్చు. దానికి జవాబు మీ ఆయన ఇప్పుడే ఆలోచించి పెట్టుకుంటే మంచిది.

బాబు సగంలో నిద్రపోతాడని రాశారు. నిద్రపోనివ్వండి. ఆపేసి దీపం తీయొద్దు, ఆ పేరా పూర్తయ్యేదాకా గొంతు తగ్గించి చదవండి, పాప వింటుంటుంది. మరుసటి రోజు "నువ్వు ఎక్కడ నిద్రపోయావో చెప్పు" అని వాణ్ని అడగండి. వాడు చెప్పిన చోటి నుంచే మొదలుపెట్టండి. పాప "అమ్మా, అది ముందే అయిపోయింది" అంటుంది. అప్పుడు వాడికి ఆ మధ్యలోది చెప్పే పని పాపకే ఇవ్వండి. పుస్తకంలో పేజీ గుర్తుకు మీ ఆయన జేబులోని పాత టిక్కెట్టు ముక్క ఒకటి పెట్టుకోండి.